ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కొద్దంటే మా ఆయన వినడం లేదు

అనంతపురం జిల్లా గార్లదిన్నె వైపు ఒక పల్లె నుంచి నలభై ఏడేళ్ళ గృహిణి ఎనిమిది పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరమంతా వేసే చోటు లేదు కాబట్టి సారాంశం చెప్తాను.

వాళ్ళకు నాలుగెకరాల చీనీ (బత్తాయి) తోట ఉంది. చెట్లకు ఏడో ఏడు. ఆరు వందల అడుగుల బోరు, అయిదు హార్స్‌పవర్ మోటారు. వాళ్ళ చేని గట్టు మీదున్న ట్రాన్స్‌ఫార్మర్ మీద మొత్తం అయిదు మోటార్లు నడుస్తాయి. అందులో మూడింటికే కనెక్షన్ ఉంది. ఎండాకాలం వచ్చిందంటే వారానికి రెండుసార్లు ఫ్యూజు పోతుంది. లైన్‌మన్ చాలా ఊళ్ళు చూసుకోవాలి, పిలిచిన రోజున రాలేడు. అందుకని ఇరవై ఏళ్ళుగా ఈమె భర్తే ఫ్యూజులు వేస్తున్నాడు. సొంత చేనికే కాదు, ఊళ్ళో ఎవరికి పోయినా ఆయనకే ఫోన్ వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కున్న ఏబీ స్విచ్ (పైనుంచి వచ్చే కరెంటును అక్కడే ఆపే మీట) చెడిపోయి రెండేళ్ళయింది. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించుకుని, పైకెక్కి ఫ్యూజు వేసి, మళ్ళీ ఫోన్ చేసి ఇప్పించుకోవడం అలవాటైపోయింది.

ఉగాదికి ముందు ఒకరోజు ఆయనకు మోకాలు వాచింది. ఎప్పుడూ వెంట తిరుగుతూ పని నేర్చుకుంటున్న పక్క చేనివాళ్ళ అబ్బాయిని పైకెక్కించి, తాను కింద నిలబడి ఎలా వేయాలో చెప్తున్నాడు. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు, ఈయన్ను మామా అని పిలుస్తాడు. అంతకుముందే ఫోన్ చేసి లైన్ ఆపించారు. ఈలోగా సబ్‌స్టేషన్లో డ్యూటీ మారింది. ఇంకో ఊరివాళ్ళు కరెంటు ఎందుకు పోయిందని ఫోన్ చేశారు. కొత్తగా వచ్చిన ఆపరేటర్ లైన్ ఇచ్చేశాడు. అబ్బాయికి కుడిచేతి వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది. ఇరవై మూడు రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. కేసు అవుతుందన్న భయంతో ఆస్పత్రిలో స్టార్టర్ దగ్గర షాక్ కొట్టిందని రాయించారు. ఈమె భర్త నలభై వేలు ఖర్చు పెట్టాడు. అబ్బాయి తల్లిని ఈమె వదినా అని పిలుస్తుంది. ఇప్పుడు ఎదురుపడితే ఆ వదిన తల తిప్పుకుని పోతోంది.

ట్రాన్స్‌ఫార్మర్ ముట్టుకున్నవారి మీద కేసు పెడతామని డిపార్ట్‌మెంటు వాళ్ళు నోటీసు అంటించారు. ఆయన రెండు నెలలు ఆగాడు. పోయిన నెల ఫ్యూజు పోయింది, లైన్‌మన్ రేపొస్తానన్నాడు, పిందె రాలుతోంది. రాత్రి తొమ్మిదింటికి ఆయన మళ్ళీ ఎక్కాడు.

"హెల్మెట్ పెట్టుకోమంటారు, బెల్టు పెట్టుకోమంటారు, ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ముట్టొద్దంటారు. ఇరవై ఏండ్లలో నాకేమన్నా అయిందా? నా పానం మీద నాకు లేని భయం గవర్నమెంటుకు ఎందుకు?" అంటాడట. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు, నాన్న చిన్నపిల్లాడు కాదు, ఆయన రిస్కు ఆయన చూసుకుంటాడు, వదిలెయ్యమంటున్నాడు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చదివే కూతురు కరెంటు ఆఫీసు ఇంజనీరు ఏఈకి చెప్పేస్తానంటోంది. ఈమె అడుగుతున్నది: "నిచ్చెన దాచిపెట్టాలా? ఏఈకి చెప్పాలా? లేకపోతే నోరు మూసుకుని దేవునికి దండం పెట్టుకోవాలా?"

అమ్మా,

మీ ఉత్తరంలో ఒక మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ రాత్రి ఆయన పైన ఫ్యూజు వేస్తుంటే మీరు కింద టార్చి పట్టుకున్నారు. చెయ్యి వణికితే ఆయనకు వెలుతురు కదులుతుందని ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డానని రాశారు. ఆ ప్రమాదం ఆయన ఒక్కడిదే అని మీ అబ్బాయి అనుకుంటున్నాడు. ఆ టార్చి సంగతి అతనికి చెప్పారా? చెప్పకపోతే చెప్పండి.

ముందుగా మీ ఆయన గురించి. ఆయన్ను మొండివాడని నేను అనను. తడిచేత్తో ఏదీ ముట్టడని, మోటార్లన్నీ ఆగాయో లేదో చూసుకున్నాకే ఎక్కుతాడని, తాగిన రోజున ఎవరు పిలిచినా పోడని మీరే రాశారు. ఇరవై ఏళ్ళు ఊరికంతా పైసా తీసుకోకుండా చేశాడు. ఆయనకున్నది నిజమైన అనుభవమే. "రూల్ ఉంది, ముట్టొద్దు" అని ఒక నోటీసు అంటించిపోతే ఇరవై ఏళ్ళ తన పనిని ఎవరో చెత్తబుట్టలో వేసినట్టు ఆయనకు అనిపిస్తుంది. ఆ కోపాన్ని నేను అర్థం చేసుకోగలను. ఆయనతో మాట్లాడేటప్పుడు "నీకేం తెలుసు" అన్న మాట మీ నోటి నుంచీ, మీ అమ్మాయి నోటి నుంచీ రాకూడదు. ఆ మాట వచ్చిందంటే ఇంకేం చెప్పినా ఆయన చెవికెక్కదు.

మాది కడప జిల్లా. నా చిన్నప్పుడు వేసవిలో బావి పూడిక తీయించేవాళ్ళు. చాన్నాళ్ళుగా దిగని బావైతే మా తాత ముందు లాంతరు వెలిగించి తాడుకు కట్టి అడుగుదాకా దించేవాడు. దీపం ఆరిపోయిందంటే ఆ రోజు ఎవరూ దిగేది లేదు. కూలీలు వచ్చి కూర్చుని ఉన్నా, కూలి డబ్బులు దండగైనా సరే. పూడిక తీయడంలో ఆ చుట్టుపక్కల పేరున్న మనుషులే వాళ్ళంతా. అయినా దీపం ఆరితే దిగరు. బావి అడుగున చేరిన చెడ్డగాలికి రంగూ వాసనా ఉండవు. దిగేవాడి నేర్పు దాన్ని కనిపెట్టలేదు. ఆ పద్ధతిని ఏ ప్రభుత్వమూ వాళ్ళకు చెప్పలేదు, ఎవరెవరో బావుల్లో చచ్చిపోతే మిగిలినవాళ్ళు నేర్చుకున్నారు. మీ ఆయన కూడా బావులు దిగినవాడినని అంటాడని రాశారు కదా. దీపం దించకుండా దిగేవాడేమో అడిగి చూడండి. దిగడు. నాకు నమ్మకముంది.

ఆ దీపంలాంటిది కరెంటు పనిలో ఏమిటి అన్నది నాకు సరిగా తెలియక, లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయనతో మాట్లాడాను. ఆయన అడిగిన మొదటి ప్రశ్న "ఎల్‌సీ ఎవరి పేరు మీద ఉంది?" అని. ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. లైన్ మీద పనిచేసే ఉద్యోగి సబ్‌స్టేషన్ నుంచి దాన్ని తన పేరు మీద తీసుకుంటాడు. ఏ ఫీడరు (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే లైను), ఎన్ని గంటలకు, ఎవరు తీసుకున్నారు అన్నది అక్కడి పుస్తకంలో రాస్తారు. పని అయ్యాక ఆ మనిషే తిరిగి ఇస్తే తప్ప లైన్ వేయకూడదు. డ్యూటీ మారినా, ఇంకో ఊరివాళ్ళు వంద ఫోన్లు చేసినా, ఏఈ స్వయంగా అడిగినా వేయకూడదు. దాని తర్వాత పనిచేసే చోట లైన్‌ను ఎర్త్ చేస్తారు. పొరపాటున ఎవరైనా కరెంటు వదిలినా అది మనిషిలోకి పోకుండా భూమిలోకి పోతుంది, అటు సబ్‌స్టేషన్లో బ్రేకరు పడిపోతుంది. తీగను చేత్తో ముట్టుకునే ముందు ఎర్తింగ్ చేసి అందులో కరెంటు లేకుండా చేయాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ ఇచ్చిన భద్రతా నిబంధనల్లో ఉంది.

ఉగాది ముందు జరిగినదాన్ని ఇప్పుడు ఇంకోసారి చూడండి. ఆ అబ్బాయి ఫ్యూజు వేయడంలో తప్పు చేయలేదు. మీ ఆయన చెప్పడంలో కూడా తప్పు లేదు. ఫోన్ కూడా చేశారు. కానీ ఆ ఫోన్ ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. మొదటి ఆపరేటర్ మీ ఆయన మీదున్న పరిచయం కొద్దీ ఆపాడు, ఆ మాట ఆయన మనసులోనే ఉంది. ఆయన ఇంటికి పోయాడు, మాటా ఆయనతోనే పోయింది. తర్వాత వచ్చినవాడికి పైన ఒక మనిషి ఉన్నాడని తెలిసే దారే లేదు. మీ ఆయన ఇరవై ఏళ్ళ నేర్పు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఉంది. స్విచ్ మాత్రం కొన్ని కిలోమీటర్ల అవతల, ఆయన ముఖం కూడా చూడని మనిషి చేతిలో ఉంది.

ఆయన చెప్పే "నా రిస్కు నేను చూసుకుంటా" అన్న మాట ఇక్కడే నిలవదని నాకు అనిపిస్తోంది. చెట్టెక్కేవాడు కొమ్మను తొక్కి చూసుకుంటాడు. పొగరుబోతు ఎద్దును లొంగదీసేవాడు దాని కన్ను చూస్తాడు. ఆ ప్రమాదాలు మనిషికి ముందే ఎంతోకొంత సూచన ఇస్తాయి, తప్పు చేస్తే చిన్న దెబ్బ తగిలి పాఠం చెప్తాయి. పదకొండు వేల వోల్టుల లైను దగ్గర చిన్న దెబ్బ అంటూ ఉండదు. ఇరవై ఏళ్ళు ఏమీ కాలేదంటే, ఆ ఇరవై ఏళ్ళూ ఫోన్‌కు అవతలివైపు ఎవరూ మరిచిపోలేదని అర్థం. అందులో ఆయన జాగ్రత్త కొంత, మిగతాది ఇతరుల జ్ఞాపకశక్తి.

ఆ పెద్దాయన ఇంకో రెండు సంగతులు చెప్పారు. ఏబీ స్విచ్ బాగు చేయించినా అందులో మూడు బ్లేడ్లుంటాయి. తుప్పుపట్టి ఒకటి విడివడకపోతే, హ్యాండిల్ కిందికి దించినా ఒక ఫేజులో కరెంటు అలాగే ఉంటుంది. రాత్రిపూట టార్చి వెలుతురులో అది కనబడదు. రెండోది నాకు అసలు తెలియని విషయం. ట్రాన్స్‌ఫార్మర్ పదకొండు వేల వోల్టులను 433 వోల్టులకు దించుతుంది కదా, కిందివైపు నుంచి కరెంటు ఎక్కితే అదే పెట్టె దాన్ని తిరిగి వేల వోల్టులకు పెంచుతుంది. అయిదు మోటార్లలో ఎవరైనా కరెంటు లేదని జనరేటరు పెట్టి, మెయిన్ తీయడం మరిచిపోతే చాలు. సబ్‌స్టేషన్లో లైన్ ఆపే ఉంటుంది, పైన ఫ్యూజు దగ్గర మాత్రం ప్రాణం తీసేంత కరెంటు ఉంటుంది.

మనిషి శరీరం ఎంత తట్టుకుంటుందో కూడా మీ అమ్మాయి చేత ఆయనకు చెప్పించండి, తను చదువుకున్నదే. పది పదిహేను మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుని పట్టుకున్నదాన్ని చెయ్యి వదలలేదు. వంద మిల్లీ ఆంపియర్లు గుండె మీదుగా పోతే గుండె లయ తప్పుతుంది. మీ అయిదు హార్స్‌పవర్ మోటారు ఒక్కో ఫేజులో ఏడు ఆంపియర్ల దాకా లాగుతుంది, అంటే ఏడు వేల మిల్లీ ఆంపియర్లు.

మీ అబ్బాయి అన్నదాంట్లో నేను ఒప్పుకునేది కొంత ఉంది. పెద్దవాళ్ళను పిల్లల్లా చూసే రూల్సు చిరాకు తెప్పిస్తాయి. ప్రతిదీ ప్రభుత్వమే చెప్పాలనుకుంటే మనిషికి సొంత వివేచన మొద్దుబారిపోతుంది, అదీ నిజమే. హెల్మెట్ గురించైతే తండ్రీ కొడుకులు కూర్చుని వాదించుకోవచ్చు. నేను పెట్టుకోవాలనే అంటాను, అది వేరే సంగతి. కానీ హెల్మెట్ పెట్టుకోవాలా వద్దా అన్న నిర్ణయం, దాని దెబ్బ, రెండూ చాలావరకు ఒక తల మీదే ఉంటాయి. ఇక్కడ నిర్ణయం ఒకరిది, వేళ్ళు ఇంకొకరివి. ఆ అబ్బాయి తనంతట తానే రిస్కు బేరీజు వేసుకుని ఎక్కాడా? మామ ఎక్కమన్నాడు, మామకు అన్నీ తెలుసు, కాబట్టి ఎక్కాడు. ఎవరి ధైర్యమైనా పక్కవాడికి అంటుకుంటుంది. రేపు మీ ఊళ్ళో ఇంకో కుర్రవాడు మీ ఆయన్ను చూసి ఎక్కుతాడు. అతనికి ఆ ఇరవై ఏళ్ళ అనుభవం ఉండదు.

ఇక ప్రభుత్వం వైపు. ఇక్కడ నాకు నిజంగా కోపం ఉంది. ముట్టుకోవద్దని నోటీసు అంటించడానికి మనిషి వచ్చాడు, రెండేళ్ళుగా పాడైన ఏబీ స్విచ్ మార్చడానికి మాత్రం రాలేదు. వద్దు అని చెప్పి, చేయాల్సినవాణ్ణి పంపకపోతే అది సగం రూలు. మిగిలిన సగం కూడా కాగితం మీద ఉంది, మనవాళ్ళు అడగరు. విద్యుత్ నియంత్రణ మండలి పెట్టిన సేవా ప్రమాణాల ప్రకారం పల్లెల్లో ఫ్యూజు పోతే 12 పని గంటల్లో వేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే 48 గంటల్లో మార్చాలి. గడువు దాటితే వినియోగదారుడికి పరిహారం ఇవ్వాలి. మీ ఆయన ఎక్కి వేసిన ప్రతిసారీ ఆఫీసు లెక్కలో ఆ ఫ్యూజు పోనేలేదు. వారానికి రెండుసార్లు ఫ్యూజు పోయే ట్రాన్స్‌ఫార్మర్ వాళ్ళ రికార్డులో ఏ ఇబ్బందీ లేని ట్రాన్స్‌ఫార్మర్. ఇంకో లైన్‌మన్ అవసరమని ఎవరికీ తెలియదు. మీ ఊరికి మంచి చేస్తున్నాననుకుంటూ ఆయన డిపార్ట్‌మెంటు లోపాన్ని తన ఒంటితో కప్పిపెడుతున్నాడు. ఇది ఆయనకు ఈ మాటల్లోనే చెప్పండి. నా నేర్పును అనుమానిస్తున్నారని కోపం తెచ్చుకునే మనిషికి, నీ మంచితనాన్ని వాడుకుంటున్నారని చెప్తే బహుశా చెవిన పడుతుంది.

మీ మూడు ప్రశ్నలకు వస్తాను.

నిచ్చెన దాచొద్దు. ఆయన నిచ్చెన లేకుండా స్తంభం పట్టుకుని ఎక్కుతాడు, ఇంకా ప్రమాదం. పైగా మీ ఇద్దరి మధ్య ఇప్పటిదాకా అబద్ధం లేదని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఉన్న ఆ ఒక్క బలాన్ని నిచ్చెన కోసం పోగొట్టుకోవద్దు.

ఏఈకి రహస్యంగా చెప్పడం గురించి. మీ అమ్మాయి కోపంలో న్యాయం ఉంది. చెప్తే ఏమవుతుంది? ఒకసారి పిలిచి మందలిస్తారు, లేదా కేసు రాస్తారు. ఊళ్ళో ఎవరు చెప్పారన్న గొడవ మొదలవుతుంది. రిజిస్టర్ కాని రెండు మోటార్ల సంగతి బయటపడి, ఆ రైతులు మీ మీద పడతారు. ఏబీ స్విచ్ మాత్రం అలాగే ఉంటుంది. ఇంకే దారీ లేక, ఆయన ప్రాణం రేపోమాపో పోయేలా ఉందనిపిస్తే చెప్పండి, అప్పుడు మీరు తప్పు చేసినట్టు కాదు. అంతకుముందు ఇంకో దారి పట్టి చూడమంటాను.

ఫ్యూజు ఎందుకు పోతోందో ముందు చూడండి. మీ ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏ (అది మోయగల లోడు) అని రాశారు. అయిదు హార్స్‌పవర్ మోటారు ఒక్కోటి అయిదు కేవీఏకు కాస్త పైన లాగుతుంది. మూడు మోటార్లయితే పదహారు, హాయిగా మోస్తుంది. అయిదయితే ఇరవై అయిదు దాటుతుంది. దానికి తోడు అందరికీ ఆటో స్టార్టర్లున్నాయి. కరెంటు రాగానే అయిదు మోటార్లూ ఒక్క క్షణంలో లేస్తాయి. మోటారు లేచేటప్పుడు మామూలుగా తీసుకునేదానికి అయిదారు రెట్లు లాగుతుంది. ఫ్యూజు పోకపోతేనే ఆశ్చర్యం. పైసా ఖర్చు లేకుండా రేపే చేయగలిగింది ఒకటుంది. అయిదుగురూ కూర్చుని ఆటో స్టార్టర్లను ఆటో నుంచి తీసేసి, ఒకరి తర్వాత ఒకరు పది నిమిషాల తేడాతో మోటారు వేసుకోవడం. తెల్లవారుజామున లేచి చేనికి పోవాలి, అది కష్టమే, నేను కాదనను. మీ ఆయన మాట ఊళ్ళో చెల్లుతుంది కాబట్టి ఈ మాట ఆయన నోటి నుంచే రావాలి. పోయే ఫ్యూజులు సగానికి తగ్గినా ఆయన ఎక్కే అవసరం సగం తగ్గినట్టే.

రెండోది అర్జీ. అయిదుగురూ సంతకాలు పెట్టి సెక్షన్ ఆఫీసులో ఇవ్వండి. ఏబీ స్విచ్ మార్చాలి, ఎర్త్ గుంతలు బాగు చేయాలి, ఆ రెండు మోటార్లను రెగ్యులర్ చేసి పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఆ రెండు కుటుంబాలు ఛార్జీలు కట్టాల్సి వస్తుంది, ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు మిగిలిన ముగ్గురు ఏబీ స్విచ్ వరకైనా అర్జీ పెట్టండి, ఎవరి మీదా ఫిర్యాదు రాయకుండా. అర్జీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకోండి. ఫ్యూజు పోయిన ప్రతిసారీ లైన్‌మన్‌కు ఫోన్ చేసి ఊరుకోకుండా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసి పెట్టుకోండి. ఇది మీ పని, మీ ఆయనది కాదు. రెండు నెలల్లో మీ నోట్‌బుక్కులో పదిహేను నంబర్లు పోగైతే, ఏ ఆఫీసులోనూ మీ ఊళ్ళో సమస్య లేదనలేరు. గ్రామ సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంట్‌ను కూడా కలవండి. అప్పటికీ కదలకపోతే కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్ ఉంది, తిరుపతిలో విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. ఇవి నెమ్మదిగా నడుస్తాయి. వచ్చే ఎండాకాలానికి ఫలితం కనబడితే మంచిదే అనుకోండి.

ఈ ఎండాకాలం ఎలా గడవాలన్నది మీ అసలు భయం. ఏడేళ్ళ చీనీ చెట్టు ఒక తడి ఒకరోజు ఆలస్యమైతే చచ్చిపోదు. పిందె కొంత రాలొచ్చు. ఆ రాలిన పిందె ధర ఎంతో మీరిద్దరూ కాగితం మీద లెక్క వేయండి. మీ ఆయన పిల్లవాడి వైద్యానికి పెట్టిన నలభై వేలు దాని పక్కన రాయండి. పాదుల్లో ఎండుటాకు, వేరుశనగ పొట్టు పరిస్తే తడి ఇంకో రోజు నిలుస్తుంది. చేతిలో డబ్బుంటే ఒకరోజు నీళ్ళు పట్టే తొట్టి కట్టించుకుంటే లైన్‌మన్ రేపొచ్చినా గుండె దడ ఉండదు. అది చిన్న ఖర్చు కాదని నాకు తెలుసు.

తప్పనిసరిగా ఎక్కాల్సి వస్తే ఏ జాగ్రత్తలతో ఎక్కాలో కూడా రాయమన్నారు. ఆ పెద్దాయనను అడిగాను. ఆయన రాయొద్దన్నారు. నాలుగు జాగ్రత్తలు చదివినవాడికి ధైర్యం వస్తుంది, ఎల్‌సీ మాత్రం రాదు అన్నారు. నేను ఆయన మాటే వింటాను. దానికి బదులు, మీ చేతిలో ఉన్నదొకటి చెప్తాను. ఇకమీదట టార్చి పట్టనని మీ ఆయనకు ముందుగానే చెప్పండి. ఫ్యూజు పోయిన రాత్రి కాదు, మామూలు రోజున, అన్నం తిన్నాక. "నువ్వు ఎక్కడం నేను ఆపలేను. కానీ దానికి నేను సాయం చేయను" అని. ఆయన ప్రాణం ఆయనదని ఆయన అంటున్నప్పుడు, మీ చెయ్యి మీదని మీరు అనొచ్చు కదా. కోపంతో ఆయన ఒంటరిగానే పోయే ప్రమాదం దీనిలో ఉంది, అది దాచను. అలా పోతాడనిపిస్తే మీరు దూరంగా ఉండండి, కానీ అక్కడే ఉండండి. ఏదైనా జరిగితే చేత్తోగానీ కర్రతోగానీ ముట్టుకోవద్దు. ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించాలి, ఆగిందని రూఢి అయ్యాకే దగ్గరికి పోవాలి, 108కి ఫోన్ చేయాలి. గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం ఎలాగో మీ అమ్మాయి దగ్గర మీరు, మీ వదినా ఇద్దరూ నేర్చుకోండి. ఎండాకాలంలో ఏ ఇంట్లో ఏ స్టార్టర్ దగ్గరైనా అది అక్కరకొస్తుంది.

వదిన సంగతి చివరికి ఉంచుకున్నాను, ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా బరువైనది అదే. మీరు నలభై వేలు ఇచ్చారు. ఆమె తల తిప్పుకుంటోంది. డబ్బు చాలలేదని కాకపోవచ్చు. స్టార్టర్ దగ్గర షాక్ కొట్టిందని రాయించినప్పుడు, ఆమె కొడుకే ఇంట్లో ఏదో పొరపాటు చేసుకున్నట్టు కాగితం మీద మిగిలిపోయింది. లైన్ ఆపమన్నాక లైన్ వదిలారన్న నిజం ఎక్కడా లేదు. సబ్‌స్టేషన్లో ఆ రోజు ఏం జరిగిందో రాయకుండా పోతే రేపు ఇంకో ఊళ్ళో అదే జరుగుతుంది.

నిజం చెప్తే ఏమవుతుందో ముందే తెలుసుకోండి. అర్హత లేని మనిషిని ఎక్కించినందుకు మీ ఆయన మీద కేసు రావచ్చు. ఆస్పత్రిలో అబద్ధం చెప్పినందుకు ప్రశ్నలు వస్తాయి. లైన్ ఆపి ఇచ్చిన మొదటి ఆపరేటర్ ఉద్యోగానికి ఇబ్బంది కావచ్చు. అతను మీ ఆయనకు స్నేహితుడు. మరోవైపు, ఆ అబ్బాయికి నష్టపరిహారం అడిగే దారి నిజం చెప్తేనే తెరుచుకుంటుంది. తెగిపడిన తీగ తగిలి చనిపోయిన ఒక మనిషి కేసులో, సరఫరా సంస్థ తన నిర్లక్ష్యం లేదన్నా సరే బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. అక్కడ చనిపోయిన మనిషి తెలియక తీగ మీదుగా సైకిల్ పోనిచ్చాడు, ఇక్కడ అబ్బాయి తెలిసే ఎక్కాడు. కాబట్టి అంత సులువు కాదు. ఆ రోజు సబ్‌స్టేషన్‌కు చేసిన ఫోన్ల వివరాలు మీ ఆయన ఫోన్‌లో ఉంటే చెరిపేయవద్దు. న్యాయ సేవాధికార సంస్థకు 15100 నంబరులో ఫోన్ చేస్తే ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఆడవాళ్ళకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆ హక్కు ఉంది, వదినే అడగవచ్చు. ఏ కాగితం మీదైనా సంతకం పెట్టకముందే, మీ ఆయనా వాళ్ళూ వేర్వేరుగా న్యాయవాదిని కలవడం మంచిది. చెప్పాలా వద్దా అన్నది మీ రెండు కుటుంబాలూ తేల్చుకోవాలి. నన్నడిగితే చెప్పడం వైపే మొగ్గుతాను, కానీ దాని ఖర్చు భరించేది నేను కాదు.

ఆ నిర్ణయం తేలేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఆ అబ్బాయికి సదరం క్యాంపులో వైకల్య పరీక్ష చేయించారా? ఉత్తరంలో ఆ మాట లేదు. నలభై శాతం అంతకు మించి ఉందని డాక్టర్లు రాస్తే పింఛను వస్తుంది, 2024 జూలై నుంచి అది నెలకు 6,000 రూపాయలు. రెండు వేళ్ళకు అంత శాతం రాకపోవచ్చు. చేతికి ఇంకా ఏమైనా నరాల దెబ్బ ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది, చూపిస్తేనే తెలుస్తుంది. సచివాలయంలో స్లాట్ తీసుకోవాలి. ఆ రోజు అనంతపురం తీసుకుపోయి, లైన్లో నిలబడి, చీటీలు రాయించి, సాయంత్రం ఇంటి దగ్గర దింపే మనిషి కావాలి. మీ ఆయన్నే పొమ్మనండి. వదిన అడిగేదాకా ఆగకుండా, ఆయనే వాళ్ళింటికి పోయి, ఏ తేదీకి స్లాట్ దొరికిందో చెప్పి రమ్మనండి.